అద్దం దించొద్దు

ఎస్తేరు టీచరమ్మకు గురి కుదరదని ఆళ్లగడ్డ ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలందరికీ తెలుసు. ఎనభై మూడు నవంబరులో ఒక సాయంత్రం ఆ సంగతి కొత్తగా ఊళ్లోకి వచ్చిన ట్యాక్సీ డ్రైవరుకు కూడా తెలిసింది.

రోడ్డు పక్క చింతచెట్టు కింద నిలబడి, పైకొమ్మలో వేలాడుతున్న కాయల గుత్తికి ఆమె రాయి విసిరింది. గుత్తి కదల్లేదు. రాయి మాత్రం ఆకుల్లోంచి దూరి, అటుగా వస్తున్న తెల్ల అంబాసిడర్ వెనక కిటికీకి తగిలింది. అద్దం మొత్తం కలకండ పలుకుల్లా పొడిపొడిగా రాలిపోయింది.

కారు ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పొడుగాటి మనిషి దిగాడు. కోపం ఎవరి మీద చూపించాలా అని చుట్టూ చూశాడు.

"ఎవురమ్మా రాయేసింది? ఏ పిల్లోడు?"

అబద్ధం ఎస్తేరు నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆదివారం బడిలో అబద్ధమాడకూడదని పిల్లలకు చెప్పేది తనే. ఏం చేస్తుంది?

"నేనే అన్నా."

"నువ్వా? బడి కాడ చూసినా, టీచరమ్మవి గదా!"

"టీచర్లు చింతకాయ పచ్చడి తినరా?"

"పచ్చడా! నా కారును పచ్చడి చేస్తివి గదమ్మా! శనివారం బాడుగ ఉండాది నాకు. నందికొట్కూరుకు పోయి పెండ్లిచూపులోళ్లను తోలుకొని రావాల. 'కారు పంపిస్తేనే వస్తాం, నాకు దుమ్ము పడదు, అద్దాలన్నీ సరిగ్గా ఉండాల' అని పెండ్లికొడుకు వాళ్లమ్మ ముందే కబురు పంపింది."

ఎస్తేరు చేతిలోని రెండో రాయి జారి కింద పడింది.

"ఎవరింటికన్నా?"

"లెక్కల సారు సంజీవయ్య ఇంటికి."

ఆ సంజీవయ్య ఎస్తేరు నాయన. ఆ వచ్చేవాళ్లు చూడబోయేది ఎస్తేరునే. ఆమెకు ఆ సంబంధం సుతరామూ ఇష్టం లేదు. రెవిన్యూ ఆఫీసులో పనిచేసే ఆ పెళ్లికొడుకును ఒకసారి చర్చి కూటాల్లో చూసింది. టీ మీద మీగడ తేలిందని, వంటామెను నలుగురిలో నిలబెట్టి కేకలేశాడు. అలాంటివాడితో బతుకంతా టీ వడగట్టుకుంటూ కూర్చోవాలా? ఈ మాట నాయనతో చెబుదామని రోజూ అనుకునేది, ఆయన ఎదుటికి రాగానే నోరు పెగిలేది కాదు. చేసేది లేక దేవుణ్ణే అడిగింది, ఎలాగైనా ఆ కారు రాకుండా చూడమని. చూడబోతే దేవుడు ఆ పని ఆమె చేతనే చేయించినట్టున్నాడు.

"అయ్యో, చానా కష్టమొచ్చింది గదా అన్నా నీకు" అంది. మొహంలో కష్టం మాత్రం కనిపించలేదు.

సంజీవయ్య గారు సంగతంతా విని ఒకటే మాట అన్నారు. "నువ్వు పగలగొట్టినావు. నువ్వే నంద్యాలకు పోయి, మంచి షాపు చూసి వేయించుకొని రా. అవ్వను తోడు తీసుకపో."

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. డ్రైవరు పేరు ఇమ్మానుయేలు, సొంతూరు పాములపాడు. కారు అతనిదే. వెనక సీట్లో ఎస్తేరు, పక్కన నాయనమ్మ ఏసమ్మవ్వ, అవ్వ ఒళ్లో వక్కాకు సంచి. ఎస్తేరు మనసులో ఉపాయం సిద్ధంగా ఉంది. షాపు ఎంచుకునేది తనే కదా! శనివారానికి పని తెమలని షాపు ఎంచుకుంటే సరి.

దారిలో ముసురు పట్టింది. అద్దం లేని కిటికీలోంచి జల్లు నేరుగా ఎస్తేరు మొహం మీద కొట్టింది.

"నువ్వు చేసిన కిటికీనే గదా, తడువు" అంది అవ్వ, అటు పక్కకు జరిగిపోతూ.

ఇమ్మానుయేలు కారు ఆపాడు. తన మెడలోని టవలు తీసి, కిటికీకి అడ్డంగా బిగించి కట్టాడు. కట్టి తన సీట్లోకి వచ్చేసరికి అతని ఇస్త్రీ చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"నువ్వు తడిసిపోయినావు గదన్నా."

"నేను రాయేసినానా, తడవకుండా ఉండేదానికి? తప్పు చేసినోళ్లకే మర్యాద ఈ కాలంలో" అన్నాడు. ముందున్న చిన్నద్దంలోంచి వెనక్కి చూసి నవ్వాడు కూడా. ఎస్తేరు గబుక్కున టవలు వైపు తిరిగి, అందులో చూడ్డానికి ఏదో ఉన్నట్టు చూసింది.

నంద్యాలలో మొదటి షాపు పటాలకు అద్దాలు కట్టేది. యజమాని కిటికీని జానతో కొలిచి, "గంటలో కోసిస్తా" అన్నాడు.

గంటలోనా! ఎస్తేరు అద్దాన్ని వేలితో తట్టి చూసింది. "ఈ అద్దం బాగలేదన్నా, పల్చగా ఉండాది" అని గొణిగింది.

"నాకూ వద్దమ్మా" అన్నాడు ఇమ్మానుయేలు. ఆమె ఆశ్చర్యంగా చూసింది. "కారు అద్దం పగిలితే పొడి అయిపోతాది. నిన్న చూస్తివి గదా, లోపల ఎవరన్నా ఉన్నా ఏమీ అయ్యేది కాదు. ఈ పటం అద్దమైతే కత్తుల మాదిరి పగుల్తాది. రేపు ఎవరి బిడ్డో ఆ కిటికీ పక్కన కూర్చుంటే?"

ఎస్తేరుకు ఊపిరి వచ్చింది. దాంతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. ఎవరి బిడ్డో కూడా తెలియని బిడ్డ గురించి ఈ మనిషి ఆలోచిస్తున్నాడు. టీ మీద మీగడ గురించి కాదు.

రెండో షాపు పెద్దది, కారు సామాన్లన్నీ గోడల నిండా వేలాడుతున్నాయి. "అసలు సిసలు కంపెనీ అద్దం. హైదరాబాదు నుంచి తెప్పించాల. పది దినాలు పడతాది" అన్నాడు అక్కడి ఆసామి.

"ఇదే! ఇదే మంచి షాపు!" ఎస్తేరు గొంతు షాపంతా వినిపించింది. "కంపెనీదే మేలన్నా. పది దినాలంటే ఎంత, ఇట్లా పోతాయి."

ఇమ్మానుయేలు బయటికి వచ్చి కారు బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమె వెనకే వచ్చింది.

"నేను ఆళ్లగడ్డకు కొత్త" అన్నాడు మెల్లగా. "మీ నాయన నన్ను నమ్మి, పెండ్లి పనికి పిలిచినాడు. మొదటి మాటే తప్పితే ఇంక ఆ ఊర్లో నా కారు ఎవరు ఎక్కుతారు? మూటాముల్లె సర్దుకొని పాములపాడుకు పోవాల్సిందే. సరేలే. నువ్వేం చేస్తావు? గురి తప్పింది, అంతే గదా."

తిట్టినా బాగుండేది. ఎస్తేరుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన పెళ్లిచూపులు తప్పించుకోవడానికి ఇతని బతుకుదెరువుకు రాయి వేస్తోందా తను? నిన్నటి రాయి పొరపాటున తగిలింది. ఇవాళ్టిది మాత్రం గురి చూసి వేస్తున్నదే.

ఆమె పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. ముక్కు చీదింది.

"ఇంకో షాపు ఉండాది. పా."

ఎస్తేరు నంద్యాలలో టీచరు ట్రైనింగు చేసేటప్పుడు పోయిన చర్చికే సారమ్మక్క కూడా వచ్చేది. లారీ షెడ్ల వెనక సారమ్మకు అద్దాల షాపు ఉంది. దెబ్బతిన్న కార్ల నుంచి మంచి అద్దాలు విప్పి దాచి, కావాల్సిన వాళ్లకు బిగిస్తుంది. మొగుడు పరంజ్యోతి పెయింటరు. లారీల మీద పూలు, పెళ్లి కార్ల అద్దాల మీద వధూవరుల పేర్లు రాస్తాడు.

"ఈ షాపు ఉందని నీకు ముందే తెలుసు గదే?" అంది అవ్వ కారులో.

"గమ్మునుండవ్వా."

సారమ్మ దగ్గర సరిగ్గా ఆ కిటికీ అద్దమే ఉంది, గీత కూడా పడలేదు. "కారు పెట్టిపోండి. అద్దం దిగేది, ఎక్కేది అంతా సరిచూసి రేపు సాయంత్రానికిస్తా" అంది. ఇమ్మానుయేలు మొహం విప్పారింది. ఆ మొహం చూసి ఎస్తేరుకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అతని మాట నిలబడింది, తన పని అయిపోయింది.

ఎవరి అద్దం వాళ్లకు పోవాలని, దాని మీద కారు వాళ్ల పేరు సుద్దముక్కతో రాసిపెట్టడం సారమ్మ అలవాటు.

"ఎవరి పేరు?"

"ఇమ్మానుయేలు అని రాయక్కా, కారు ఆయనది."

"ఎస్తేరు అని రాయండి. పగలగొట్టింది ఈమె."

"కారెవరిది?"

"రాయెవరిది?"

సారమ్మ విసుగెత్తి రెండు పేర్లూ రాసి పారేసింది. "మొగుడూ పెళ్లాల మాదిరి ఏం కొట్లాట ఇది!"

ఇద్దరూ ఒకేసారి చెరో పక్కకు తిరిగారు.

తిరిగి బస్సులో వచ్చారు. అవ్వ ఇద్దరి మధ్య కూర్చుని, బస్సు నంద్యాల దాటక ముందే గురక మొదలుపెట్టింది.

"ఆ పది దినాల షాపులో నీ మొగం లైటేసినట్టు వెలిగింది. ఎందుకు?" అడిగాడు ఇమ్మానుయేలు, అవ్వ తల మీదుగా.

ఎస్తేరు చెప్పేసింది. మీగడ, కేకలు, నాయన ఎదుట పెగలని నోరు, అన్నీ.

అతను తడి టవలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "ముందే చెప్పింటే ఆ పది దినాల షాపులోనే ఇచ్చేస్తాంటి గదా."

"మరి నీ మాట పోదా?"

"పోతే మళ్లా తెచ్చుకుంటా. కొన్ని పోతే..." అని ఆగి, కిటికీలోంచి పత్తిచేల వైపు చూశాడు. తర్వాత ఆళ్లగడ్డ వచ్చేదాకా ఇద్దరూ పత్తిచేలే చూశారు.

బస్సు దిగాక అవ్వ వక్క నములుతూ అంది, "పోయేటప్పుడు నోరు తెరిస్తే అన్నా, అన్నా అంటివి. వచ్చేటప్పుడు ఒక్క అన్న లేదేమే?"

"నువ్వు నిద్రపోతాంటివి గదా!"

"గురక పెట్టేటోళ్లంతా నిద్రపోరు."

శనివారం వచ్చింది. ఎస్తేరు పట్టుచీర కట్టుకుని, ఉరికంబం ఎక్కబోయే మనిషిలా గుమ్మంలో నిలబడింది. సంజీవయ్య గారు తెల్లపంచె, భుజం మీద కండువాతో వీధిలోకి వచ్చారు. అంబాసిడర్ తళతళలాడుతూ వచ్చి ఆగింది. ఆ వెనక కిటికీ మాత్రం ఖాళీగా ఉంది.

"అద్దం యాడప్పా? వేయించలేదా?"

"వేయించినా సార్. దించినా."

"ఎత్తు, చూస్తా."

"దారిలో ఎత్తుతాలే సార్."

"ఆయమ్మకు దుమ్ము పడదయ్యా!" అంటూ ఆయనే తలుపు తెరిచి పిడి తిప్పడం మొదలుపెట్టారు.

మొదట తలుపులోంచి రెండు తెల్ల పావురాలు పైకి లేచాయి. తర్వాత ఎర్రరంగులో 'ఇమ్మానుయేలు' అని వచ్చింది. ఆయన చెయ్యి ఆగింది. కానీ లెక్కల సారు ఏదీ సగంలో వదిలే మనిషి కాదు. ఇంకో చుట్టు తిప్పారు. 'ఎస్తేరు' వచ్చింది. ఆఖరి చుట్టుకు గులాబీల దండ కూడా వచ్చింది.

వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు.

"ఏందప్పా ఇది?"

"తప్పు జరిగింది సార్" అన్నాడు ఇమ్మానుయేలు. "ఆ షాపులో మామూలు కారుకు ఒక పేరు రాస్తారంట, పెండ్లి కారుకు రెండు. మా ఇద్దరి పేర్లు సుద్దతో రాసుంటే, పెయింటరన్న చూసి పెండ్లి కారనుకొని రంగేసినాడు."

"చెరిపితే పోదా?"

"పోతాది సార్. బ్లేడుతో గీకితే రెండు నిమిషాల పని."

"మరి గీకలేదెందుకు?"

ఇమ్మానుయేలు జేబులోంచి కొత్త బ్లేడు తీసి చూపించాడు. "నిన్న సాయంత్రం నుంచి జేబులో పెట్టుకొని తిరుగుతాండా సార్. చెయ్యి రాలేదు."

సంజీవయ్య గారు ఆ బ్లేడు తీసుకున్నారు. గుమ్మం దాకా నడిచి వచ్చి కూతురి చేతిలో పెట్టారు.

"నువ్వు గీకు. గీకితే కారు నందికొట్కూరుకు పోతాది."

ఎస్తేరు బ్లేడు వైపు చూసింది, అద్దం వైపు చూసింది. నోరు ఎప్పటిలాగే ఎండిపోయింది. ఆమె మెల్లగా వెళ్లి, ఆ బ్లేడును అవ్వ వక్కాకు సంచిలో పడేసింది.

"నేను గీకను నాయనా" అంది. అని, తన మాట తనకే వినిపించినందుకు ఆశ్చర్యపోయింది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదే? నేనేమన్నా కొడతానా?"

"కొడితే బాగుండు. నువ్వు గమ్మునుంటావు. నాకదే భయం."

ఆయన నిజంగానే కాసేపు గమ్మునున్నారు. తర్వాత కండువాతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకుంటే మొహంలోంచి ఏదో బరువు దిగినట్టయింది.

"నిజం చెప్తా వినండి. ఆయమ్మ కారు గురించి అడిగింది, అద్దాల గురించి అడిగింది. నా బిడ్డ ఎట్లుంటాది, ఏం తింటాది, ఏం చదివింది, ఒక్క మాట అడగలేదు. నాకూ ముల్లు మాదిరి గుచ్చుకుంటానే ఉన్నింది." ఇమ్మానుయేలు వైపు తిరిగారు. "ఏమప్పా, మీ నాయన ఇంటి కాడే ఉంటాడా ఇయ్యాల?"

"ఉంటాడు... ఎందుకు సార్?"

"ఎట్లాగూ బాడుగకు పిలిచినా గదా. పోస్టాఫీసు కాడ ఆపు, నందికొట్కూరోళ్లకు రావద్దని ఫోను చేస్తా. అక్కడి నుంచి నేరుగా పాములపాడుకు పోనీ. మాట్లాడాల్సింది ఉండాది."

ఇమ్మానుయేలు తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకుని, మూడోసారికి కారు స్టార్టు చేశాడు. అవ్వ వెనక సీట్లో కూర్చుని కాళ్లు బారచాపుకుంది. బండి కదలబోతుండగా, "ఉక్కపోస్తాందిరా నాయనా" అంటూ కిటికీ పిడి పట్టుకుని తిప్పబోయింది.

"అవ్వా! అద్దం దించొద్దు!"

నాయన ఎదుట ఎన్నడూ నోరు పెగలని ఎస్తేరు గుమ్మంలోంచి వేసిన ఆ కేక వీధి చివరి ఇంటిదాకా వినిపించింది. సంజీవయ్య గారు ముందు సీట్లో పగలబడి నవ్వారు. అవ్వ పిడి వదిలేసింది. అద్దం మీది రెండు పేర్లనూ ఊరంతటికీ చూపిస్తూ, కారు పాములపాడుకు బయల్దేరింది.