అయిదువేల కిలోమీటర్ల షరతు

"ఈ ఇంజిన్‌లో ఆయిల్ చివరిసారి ఎవరు చూశారండీ? మీరా, మీ ముత్తాతా?"

బానెట్ కింద నుంచి వచ్చిన ఆ గొంతుకి అతను ఉలిక్కిపడ్డాడు. లైబ్రరీలో గుమస్తా అతను. రోజంతా జనాన్ని మాట్లాడొద్దని సైగలు చేసి చేసి, చివరికి తనకే మాటలు రాకుండా పోయాయి.

"ఎర్ర లైటు వెలిగాక చూద్దామని..." నసిగాడు.

"లైటు వెలిగాక చూసేది ఆయిల్ కాదు, కొత్త ఇంజిన్!"

ఆ కార్ల షెడ్డు మేస్త్రి కూతురు తల పైకెత్తింది. ముక్కు మీద చిన్న గ్రీజు చుక్క. అతని గుండె క్లచ్ నొక్కకుండానే గేరు మార్చింది.

"రెండు లక్షల తొంభై వేలు తిరిగిన బండి ఇది. మనిషైతే మనవల చేత కాళ్లు పట్టించుకునే వయసు. వారం వారం ఆయిల్, రేడియేటర్‌లో నీళ్లు చూడాలి. బెల్టు పగుళ్లిచ్చిందేమో, గొట్టాలు కారుతున్నాయేమో చూసుకోవాలి. వింటున్నారా?"

"ఆఁ" అన్నాడు, ఆ చుక్కనే చూస్తూ.

"వాడు వినడమ్మాయ్! నాకు చెప్పు, నేను రాసుకుంటా" అంది వెనక సీట్లోంచి బామ్మ. కారు ఆవిడదే. తాతయ్య కొనిపెట్టింది. ఆవిడకి ప్రాణం.

సర్వీసు అయ్యాక ఆ అమ్మాయి అద్దం మూలన ఒక చీటీ అంటించింది. మళ్లీ అయిదువేల కిలోమీటర్లకి రావాలి.

అతను మర్నాడే వచ్చాడు.

"బ్రేకు... కొంచెం... ఎలాగో..."

ఆమె బ్రేకు తొక్కి చూసింది. భేషుగ్గా ఉంది. మీటరు చూసింది. "ఎనిమిది కిలోమీటర్లు తిరిగింది. ఇంకా నాలుగువేల తొమ్మిదివందల తొంభై రెండు ఉన్నాయి. వెళ్లిరండి."

"బాగున్న బండిని కెలకడం మా షెడ్డులో లేదు బాబూ. లెక్క నిండాలి" అన్నాడు మేస్త్రి, పానాలు తుడుచుకుంటూ.

నిండాలంటే నింపుదాం అనుకున్నాడు అతను. ఇరవై రోజులు సెలవు పెట్టాడు. ఊరి చివర పార్కు చుట్టూ కారు తిప్పడం మొదలెట్టాడు. ఒక్క రౌండు అర కిలోమీటరు. వాన పడ్డా ఆగలేదు.

"ఒరేయ్, పోయి ఆ పిల్లతో మాట్లాడొచ్చు కదరా!" అంది బామ్మ మూడో రోజున, వెనక సీట్లో చిక్కుళ్లకి ఈనెలు తీస్తూ.

"ఏం మాట్లాడనే?"

"ముందు నీ పేరు చెప్పు."

"మరీ అంత తొందరపడితే బాగోదు బామ్మా."

ట్రాఫిక్ పోలీసు చూసీ చూసీ, చెయ్యి అడ్డం పెట్టాడు. "నాలుగు రోజులుగా వెతుకుతున్నారు. ఏం పోయింది సార్?"

"వీడి సిగ్గు ఒక్కటే పోవట్లేదు నాయనా. అందుకే తిరుగుతున్నాం" అంది బామ్మ.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే కారు షెడ్డు ముందు ఆగింది. లెక్క నిండింది. ఆ అమ్మాయి జాకీ వేసింది, చక్రాల దగ్గర కూర్చుంది, చాలాసేపు లేవలేదు.

"ఎడమవైపు టైర్ల బయటి అంచులు నున్నగా అరిగిపోయాయి. కుడివి కొత్తవాటిలా ఉన్నాయి. అయిదువేల కిలోమీటర్లూ కుడికే తిరిగారా?"

అతను అవునన్నట్టు తలూపాడు.

"ఒక్క ఎడమ మలుపు కూడా లేదా?"

"ఇంటికెళ్లేటప్పుడు ఒకటి ఉంటుందండీ."

"ఎందుకిలా తిప్పారు?"

"చెప్పరా!" అంది బామ్మ. అతను గోడకి వేలాడుతున్న పానాలు లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగు.

ఆమె నిట్టూర్చింది. "సరే, చెప్పకండి. కానీ ఇంకోసారి ఇలా తిప్పితే ఇంజిన్ చేతులెత్తేస్తుంది. బామ్మగారి బండి తుక్కుకి పోతుంది. నెలకి అయిదొందలు దాటనివ్వకండి."

అంటే మళ్లీ ఆమెని చూడాలంటే పది నెలలు! దారంతా అతను ఆ పది నెలలూ పైకే లెక్కపెట్టాడు.

ఇంటి ముందు కారు ఆగినా బామ్మ దిగలేదు. సీటు మీద చెయ్యి వేసి నిమిరింది. "పోనీలేరా, తిప్పు. పోతే పోయింది. ఇది నీకంటే ఎక్కువా నాకు?"

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే నడుచుకుంటూ షెడ్డుకి వెళ్లాడు. మేస్త్రి అతని వెనక్కి చూశాడు.

"బండేది బాబూ?"

"బండి బాగుందండీ. నాకే... మీ అమ్మాయిగారంటే ఇష్టమండీ."

మేస్త్రి చేతిలో పానా పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఎవరు ఏం చెప్పినా ఆయన అడిగే ప్రశ్నలు ఇవే.

"ఎప్పట్నుంచి?"

"మొదటి సర్వీసు నుంచండీ."

"ఆగి ఆగి వస్తుందా, ఎప్పుడూ ఉంటుందా?"

"ఎప్పుడూ ఉంటుందండీ. ఎత్తు ఎక్కేటప్పుడు మరీనూ."

"సొంతంగా ఏమైనా రిపేరు చేశావా?"

"పార్కు చుట్టూ పదివేల రౌండ్లు తిరిగానండీ."

"తగ్గిందా?"

"పెరిగిందండీ."

మేస్త్రి తల గోక్కున్నాడు. అప్పుడు పక్కనున్న వ్యాను కింద నుంచి చక్రాల పలక జర్రున బయటికొచ్చింది. దాని మీద వెల్లకిలా పడుకుని మేస్త్రి కూతురు, చెంపలు ఎర్రగా, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ.

"నాన్నా, మీరు తప్పుకోండి. ఇది నేను చూస్తాను."

లేచి, స్టూలు దులిపి అతని ముందుకి జరిపింది.

"కూర్చోండి. మొదటి చప్పుడు ఎక్కడ వినిపించిందో అక్కణ్నుంచి చెప్పండి. నిదానంగానే చెప్పండి, నాకేం తొందర లేదు."