పది అనేదాకా మాట్లాడకూడదు

ఆ అమ్మాయి మా కొట్లోకి అడుగుపెట్టగానే నేను తుమ్మాను. నా ఒళ్లో ఉన్న దూది ఒక్కసారిగా లేచి వెళ్లి ఆమె తలనిండా పడింది. మా తొలి పరిచయం అదీ.

నేను పరుపులు కుడతాను. కింద కొట్టు, పైన రెండు గదుల ఇల్లు, ఇంట్లో మా అమ్మ. ఆ అమ్మాయి మా వీధి చివర కొత్తగా తెరిచిన ఉచిత ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆయాసం ఉన్నవాళ్లు తన దగ్గరికి రాకపోతే తనే వాళ్లింటికి వచ్చేస్తుంది. వీధి వీధంతా ఆమెను సిస్టర్ అంటుంది. నేనొక్కణ్ణే మొదటిరోజు నుంచీ మేడమ్ అన్నాను. నాకు ముందుచూపు ఎక్కువ.

"ఇన్హేలర్ వాడుతున్నారా?" అంది, జుట్టులోంచి దూది ఏరుకుంటూ.

"బ్రహ్మాండంగా."

"ఏదీ, ఓసారి చూపించండి."

గర్వంగా తీసి నోట్లోకి కొట్టుకున్నాను. తెల్లటి పొగంతా బయటికొచ్చేసింది.

"బాగుంది. మందంతా మీసాలకు పట్టింది. ఇక మీ మీసాలకు జన్మలో ఆయాసం రాదు."

నవ్వబోయి దగ్గాను. ఆమె ఓ ఖాళీ నీళ్లసీసా అడిగి, నా కత్తెరతోనే అడుగున రంధ్రం చేసి, అందులో ఇన్హేలర్ బిగించింది. "రోజూ పీల్చాల్సింది ఈ గోధుమరంగుది. ఆయాసం ముంచుకొస్తే నీలంది. సీసాలోకి కొట్టి, మూతి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా పీల్చండి. నేను పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి."

అక్కడే వచ్చింది చిక్కు. ముఖంలో ముఖం పెట్టి, కనుబొమలు ఎగరేస్తూ ఆమె "ఒకటి, రెండు" అంటుంటే ఊపిరి బిగపట్టడం మానవమాత్రుడి వల్ల అవుతుందా? మూడు దగ్గరే ఫక్కున నవ్వేశాను. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అయిదు దాటలేదు.

"నేను చెబితే మీకు ఎక్కడం లేదు. ఈసారి మా కాంపౌండర్ గారిని పంపిస్తాను. ఆయన లెక్కపెడితే ఎవరికీ నవ్వు రాదు."

"వద్దు మేడమ్! నేర్చుకుంటాను."

"నేర్చుకోవాలి మరి. మీ గుండెల్లో పిల్లికూతలు పక్కింటిదాకా వినపడుతున్నాయట," అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

మా అమ్మది ఇంకో గొడవ. ఇన్హేలర్ కంటపడితే ఆవిడకు పరువు పోయినట్టే. "నలుగురూ చూస్తే ఆయాసం మనిషంటారు. నీకు పిల్లనెవరిస్తార్రా?" అంటూ ఇంటికి ఎవరొచ్చినా రెండు ఇన్హేలర్లనూ మాయం చేసేది.

ఓ సాయంత్రం నన్ను చూడటానికి ఓ కుటుంబం వచ్చింది. వాళ్లకోసం అమ్మ ఇల్లంతా దులిపింది. నాకు ఆ దుమ్ము చాలు. పిల్ల తండ్రి తీరిగ్గా కూర్చుని, "ఏం బాబూ, ఆరోగ్యం బాగుంటుందా?" అన్నాడు.

నా గుండెల్లో పిల్లి జవాబిచ్చింది.

జేబు తడుముకున్నాను, లేదు. బల్ల మీద లేదు. గాలి లోపలికి రావడం లేదు, మాట బయటికి రావడం లేదు. అమ్మ ముఖం పాలిపోయింది. అంతవరకూ పరువు పరువు అన్న మనిషి బాల్కనీలోకి పరుగెత్తి, వీధంతా వినపడేలా, "సిస్టరమ్మా! మావాడికి ఊపిరాడట్లేదు!" అని కేకపెట్టింది.

ఎవరింటికైనా మందులసంచీతో వెళ్లే ఆ అమ్మాయి ఆరోజు సంచీ, చెప్పులు రెండూ మర్చిపోయి పరుగెత్తుకొచ్చింది. "నీలం ఇన్హేలర్ ఎక్కడ?"

"బియ్యం డబ్బాలో," అంది అమ్మ ఏడుస్తూ.

వచ్చినవాళ్ల ముందే ఆమె మోచేతిదాకా బియ్యంలో చెయ్యి పెట్టి వెతికింది. దొరికినదాన్ని సీసాకు బిగించి నా నోటికి పెట్టి, "నన్నే చూడండి. పీల్చండి. వదలండి. మళ్లీ," అంది. నాకు ఈసారి నవ్వు రాలేదు. ఆమె గొంతు నిబ్బరంగా ఉంది. కాసేపటికి నా ఊపిరి దారికొచ్చింది.

వచ్చినవాళ్లు కబురు చేస్తామని మర్యాదగా లేచారు. చెయ్యరని అందరికీ తెలుసు. నేనైతే సంతోషం పట్టలేకపోయాను.

అమ్మ ఆమె చేతులు పట్టుకుంది. "నా మూలానే వాడి ప్రాణం మీదికొచ్చింది తల్లీ. ఎవరికీ తెలియకూడదనుకున్నాను."

"కళ్లజోడు దాచుకుంటామా అత్తయ్యా? ఇదీ అంతే."

రోజూ ఆంటీ అని పిలిచే పిల్ల! అనేశాక తనే నాలుక కరుచుకుని, చెప్పుల కోసం వెతికింది. తెస్తే కదా ఉండటానికి.

మర్నాడు పొద్దున చూస్తే ఇన్హేలర్లు రెండూ అద్దం కింద, దువ్వెన పక్కన, వచ్చేపోయే వాళ్లకు కనపడేలా ఉన్నాయి. బయట వాన. ఆమె గొడుగు దులుపుకుంటూ వచ్చింది. అమ్మ వంటింట్లోకి వెళ్లింది గానీ చెవులు ఇక్కడే వదిలివెళ్లింది.

"ఇది గోధుమరంగుది. ఆయాసం లేకపోయినా పీల్చాలి. పది అనేదాకా మాట్లాడకూడదు. ఊఁ, పీల్చండి. ఒకటి. రెండు. నిన్న మీ అమ్మగారు నన్ను గుమ్మందాకా సాగనంపుతూ ఓ మాట అడిగారు. మూడు. మావాడు నీకు నచ్చాడా అని."

నా కళ్లు ఇంతింతయ్యాయి.

"నాలుగు. నచ్చాడనే చెప్పాను. అయిదు. మీకేమైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పేయండి."

ఎలా చెప్పను, మహాతల్లీ!

"ఆరు. ఏంటి, ఉలుకూ పలుకూ లేదు? ఇష్టం లేదా?"

తల అడ్డంగా ఊపాను. అది తప్పేమోనని నిలువుగా ఊపాను. ఏది దేనికో తెలియక చివరికి గుండ్రంగా తిప్పాను. ఆమె చూపు నా మీంచి కిటికీలోని వాన మీదికి, అక్కణ్ణుంచి తన కాలివేళ్ల మీదికి జారింది.

"ఎనిమిది. తొమ్మిది. పది. వదలండి," అంది గబగబా.

వదిలాను. మొదటిసారి పదిదాకా వచ్చాను! "మేడమ్, నేను..."

"ఊహూఁ. ఈ మందు పీల్చాక ముందు నోరు పుక్కిలించాలి."

పుక్కిలించాను. గడ్డం మీంచి నీళ్లు కారుతుండగానే తిరిగొచ్చి, "మీరంటే నాకు ప్రాణం. తలనిండా దూదితో చూసినప్పట్నుంచీ. అందుకే ఇన్నాళ్లూ పదిదాకా రాలేకపోయాను," అన్నాను.

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. "అంతా బాగానే ఉంది గానీ, అమ్మాయ్, ఏడు ఏమైంది?"

వీధి వీధంతటికీ ఊపిరి పీల్చడం నేర్పే మా నర్సమ్మ ముఖం ఎర్రగా కందిపోయింది. "మళ్లీ మొదట్నుంచి," అంది నావైపు చూడకుండా.

మందు లేకుండానే ఊపిరి బిగపట్టాను. ఈసారి రెండు దగ్గరే ఆమె నవ్వేసింది.