మాస్టరు ఏప్రన్‌కు వేలాడిన చీటీ

జేబులు తడమకుండా ఏ బట్టనూ నీళ్ళలో వేయకూడదు. దొరికింది చిత్తుకాగితమైనా సరే, కవరులో పెట్టి ఆ బట్టకే గుచ్చి తిరిగి పంపాలి. మా లాండ్రీలో అది నియమం. నేనక్కడ ఊడిన గుండీలు కుడతాను. నా మనవరాలు పన్నెండో తరగతి. బడి వదలగానే వచ్చి రెండు గంటలు జేబులు తడిమి, బట్టలకు నంబర్లు గుచ్చుతుంది. ఆ నియమమే లేకపోతే ఈ కథా లేదు.

దాని క్లాసులో, సరిగ్గా దాని ముందు బెంచీలో ఒక కుర్రాడున్నాడు. తెల్లవారుజామున బేకరీలో పిండి కలిపి, అటునుంచి అటే బడికొచ్చి, లెక్కల పీరియడ్లో గురకపెడతాడు. ఇది వెనక నుంచి స్కేలుతో పొడుస్తుంది.

"కుంభకర్ణా, లే. నీ గురకలో టీచరు చెప్పేది వినపడట్లేదు."

"నాలుగింటికి లేచి నాలుగు బస్తాల పిండి కలుపు స్కేలూ, అప్పుడు తెలుస్తుంది."

"అందులో అర బస్తా నీ జుట్టులోనే ఉంది. దులుపుకో."

ఇంటికొచ్చాక కూడా వాణ్ణి తిట్టిపోసేది. క్లాసులో నలభైమంది ఉండగా ఒక్కణ్ణే అంత శ్రద్ధగా తిడుతుంటే నాకు అనుమానం రాదా? నా జుట్టేం ఊరికే నెరవలేదు.

ఒకరోజు బేకరీ నుంచి ఏప్రన్ల మూట వచ్చింది, మనిషికో నంబరుతో. ఏడో నంబరు జేబులో ఒక ఆర్డరు చీటీ, దాని వెనక లెక్క. సగం దాకా చేసి, కింద "ఇక్కణ్ణుంచి దారి తెలియడం లేదు" అని రాసుకున్నాడు.

"కుంభకర్ణుడి రాతే అమ్మమ్మా," అంది మనవరాలు. "అయ్యో, మైనస్ మింగేశాడు."

మిగతా సగం తానే చేసి కవరులో పెట్టింది. పేరు మాత్రం రాయలేదు. అప్పటినుంచి వారానికి రెండు మూటలు, రెండు చీటీలు. "ఎవరండీ మీరు? మీ పుణ్యాన మూడో అధ్యాయం దాటాను," అని వాడు రాస్తే, "నాలుగోది కూడా ఉంది," అని ఇది రాసేది. బడిలో మాత్రం స్కేలు స్కేలే, గురక గురకే.

ఇంతలో నెల పరీక్షలో వాడికి లెక్కలు పోయాయి. ఇంకోసారి పోతే, పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కాగితం మీద సంతకం పెట్టనని హెడ్మాస్టరు తేల్చేశారు. సంతకం లేకపోతే బేకరీ లేదు. వాడికేమో ఓవెను పని నేర్చుకుని ఎప్పటికైనా సొంత బేకరీ పెట్టాలని ఆశ. ఆ సంగతి చీటీలో చదివిన రోజు మా పిల్ల పెన్ను మూత నమిలి నమిలి చదును చేసింది.

పరీక్షకు రెండు రోజుల ముందు వాడికి రాని లెక్కలన్నీ ఒక కాగితం మీద విడమరిచి రాసింది. అడుగున నాలుగు ముక్కలు కలిపింది. తన చదువూ ఉంది కదా, నిద్రమత్తులో ఏడో నంబరుకు గుచ్చాల్సిన కవరును ఒకటో నంబరుకు గుచ్చేసింది. ఒకటో నంబరంటే బేకరీ మాస్టరు.

మర్నాడు సాయంత్రం మాస్టరు భార్య వచ్చి కౌంటరు మీద ఆ కాగితం పరిచింది.

"మా ఆయన ఏప్రన్‌కు వేలాడుతోందిది. వినండి పెద్దమ్మగారూ. 'త్వరగా పడుకో. నీ గురక నాకు అలవాటైపోయింది. గట్టెక్కితే నీకో మాట చెప్తాను.'" ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ముప్పై ఏళ్ళుగా ఆ గురక వింటున్నదాన్ని నేను. నాకు తెలియకుండా ఇంకెవరమ్మా విన్నది?"

నా పళ్ళ మధ్య దారం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నవ్వేసేదాన్ని. మనవరాలి మొహం ఇస్త్రీపెట్టెలా కాగిపోయింది.

"అది మీవారికి కాదు ఆంటీ. ఏడో నంబరుకి."

ఆవిడ గుమ్మం వైపు తిరిగి, తనను సైకిలు మీద తీసుకొచ్చిన కుర్రాణ్ణి పిలిచింది. "ఒరేయ్, ఆ సైకిలు స్టాండేసి ఇలా రా."

కుర్రాడు లోపలికొచ్చాడు. కాగితం మీది రాత చూశాడు, మనవరాల్ని చూశాడు.

"స్కేలూ, నువ్వా?"

మా పిల్ల కాగితం అడుగుభాగం సర్రున చించి గుప్పిట్లో దాచుకుని, పైభాగం వాడి చేతిలో పెట్టింది. "రేపే పరీక్ష. ముందు ఇది చూడు."

"మరి కిందది?"

"గట్టెక్కాక."

మాస్టరు భార్య మొహం విప్పారింది. "రేపు పొద్దున పిండి మా ఆయన కలుపుతాడులే. నువ్వు చదువుకుని పడుకో నాయనా. ఆయన గురకక్కూడా కాస్త విశ్రాంతి."

వాడు గట్టెక్కాడు, యాభై రెండు మార్కులతో. సంతకమూ పడింది. కానీ మార్కులు చెప్పిన రోజు బడిలో వాడు దీంతో ఒక్క మాటా మాట్లాడలేదట. సాయంత్రం మూట వస్తే ఏడో నంబరు జేబు ఖాళీ. ఇది తడిమింది, తిరగేసి దులిపింది, మళ్ళీ తడిమింది.

"చిల్లుందేమో చూడవే, కుట్టేస్తాను," అన్నాను.

"నువ్వూరుకో అమ్మమ్మా."

కౌంటరు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే వాడే, తల దువ్వుకుని, పిండి దులుపుకుని.

"జేబులో పెడితే మళ్ళీ మా మాస్టరుకి పోతుందని నేనే వచ్చా," అన్నాడు. "నువ్వంటే ఇష్టం నాకు. స్కేలుతో సహా." తర్వాత కాస్త ధైర్యం తెచ్చుకుని, "నువ్వేదో మాట చెప్తానన్నావు," అన్నాడు.

"నువ్వు నిద్రపోయిన రోజులే నయం," అంది ఇది నేలచూపులు చూస్తూ. "అప్పుడు గురక ఒక్కటే. ఇప్పుడు మేలుకుని అస్తమానం వెనక్కి తిరుగుతుంటే నాకు లెక్కలెక్కట్లేదు."

"ఇదేనా ఆ మాట?"

"అసలు మాట నువ్వే చెప్పేశావుగా."

"బాగుంది," అన్నాను నేను. "ముందు ఇద్దరూ పన్నెండు గట్టెక్కండి. ఇంట్లోవాళ్ళకు చెప్పే పని నాది. ఇలా రా బాబూ, నీ చొక్కాకు రెండో గుండీ లేదు."

నేను సూదిలో దారం ఎక్కించేలోగా మనవరాలు లాక్కుంది. "ఇది నేను కుడతాలే."

దానికి గుండీ కుట్టడం రాదు. వాడికి మూడుసార్లు గుచ్చుకుంది. స్కేలుకంటే ఇదే నయమన్నాడు.