అవతలి ఒడ్డున తెల్లగుడ్డ

ఆ ఇంట్లో వీధి తలుపు వేయడం అంత తేలిగ్గా అయ్యే పని కాదు. ముగ్గురు బయటికి వెళ్తే ముగ్గురూ లోపలికి వచ్చేదాకా తండ్రి గడప దగ్గరే నిలబడి ఉంటాడు. లిఫ్టులోనూ అంతే. అందరూ ఎక్కారో లేదో వేలు ఆడిస్తూ లెక్కపెట్టుకుంటే గానీ మీట నొక్కడు. పైఅంతస్తు పిల్లలు ఆయనకు లెక్కల తాతయ్య అని పేరు పెట్టారు. సైన్యంలో వంతెనలు కట్టే దళంలో, అవసరమైతే వాటిని కూల్చే దళంలో ఆయన పనిచేశాడని ఆ పిల్లలకు తెలియదు.

ఆ రోజు పొద్దున కూడా చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్లిన భార్య కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“నేనేమైనా తప్పిపోతానా అండీ? నాలుగడుగులేగా!” అంది తల్లి లోపలికి వస్తూ.

“తప్పిపోయేవాళ్లు నాలుగడుగుల్లోనే తప్పిపోతారే,” అన్నాడాయన గడియ పెడుతూ.

రోజూ వినే మాటే. అయినా భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చున్న కూతురికి ఆ పూట నవ్వు రాలేదు. ఆమెకు పని గురించి కంటే ఇంటి గురించి దిగులుగా ఉంది.

లక్షలమంది ఒకేసారి ఆడుకునే యుద్ధాల ఆట ఒకటుంది. అందులో నెలకొక పాత యుద్ధాన్ని సవాలుగా తయారు చేయడం ఆమె ఉద్యోగం. కిందటి నెల ఏనుగులతో కోట తలుపు బద్దలు కొట్టించింది, అంతకు ముందు మంచు కనుమలో గుర్రాలను నడిపించింది. ఈ నెల ఎవరూ పుస్తకాలకెక్కించని ఒక చిన్న పోరు తీసుకుంది. అది తండ్రి పోరాడిన వంతెన. శత్రువు వచ్చేలోపు పన్నెండు మందినీ నది దాటించి వంతెన పేల్చేస్తే పతకం.

ఆ పన్నెండు మందిలో అందరికంటే చిన్నవాడు తల్లికి తమ్ముడు. దళంలో వాణ్ని చిన్నోడు అనేవారు. అందరి చివర చిన్నోడు కూడా వంతెన దాటాడని, దాటాక ఇవతలి ఒడ్డున గుండు తగిలిందని, ప్రాణం పోయే ముందు తానే నోట్లో నీళ్లు పోశానని తండ్రి చెప్పేవాడు. వాడి సామాన్ల పెట్టె ఇవ్వడానికి వచ్చిన ఈ మనిషిని తల్లి పెళ్లి చేసుకున్నది ఆ గుక్కెడు నీళ్ల కోసమే. ఆ సంగతి ఆమె దాచుకోదు, నలుగురిలోనూ చెబుతుంది. ఇప్పుడైతే దర్జీ దగ్గర నుంచి దంతవైద్యుడి దాకా అందరికీ చెప్పేసింది, “శుక్రవారం మా తమ్ముడు ఆటలోకి వస్తున్నాడు,” అని.

తీరా చూస్తే తమ్ముడు నది దాటడం లేదు.

ఆటను పరీక్షించే వాళ్లు నలభై ఆరుసార్లు ఆడారు. ప్రతిసారీ పదకొండు మందే దాటారు. పన్నెండోవాడు వంతెన మధ్యలో ఉండగానే శత్రువు బండ్లు వచ్చేస్తున్నాయి. టీమ్ లీడరు పొద్దున్నే ఫోన్ చేసి, “బండ్లను ఒక్క నిమిషం ఆలస్యంగా పంపెయ్. ఎవడికి తెలుస్తుంది?” అన్నాడు. ఎవడికి తెలిసినా తెలియకపోయినా తండ్రికి తెలుస్తుంది. అందుకని కూతురు ఆయన్నే అడగాలనుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

“నాన్నా, ఇలా రా. నీ బొమ్మలో ఏదో తేడా ఉంది.”

పాత క్యాలెండరు కాగితం వెనక ఆయన పెన్సిలుతో గీసిచ్చిన బొమ్మ అది. నది, వంతెన, తాను పేల్చే మీట పట్టుకుని కూర్చున్న గొయ్యి, అన్నీ అడుగులతో సహా ఉన్నాయి.

“తేడా ఏముంటుంది? కళ్లు మూసుకుని గీస్తాను,” అన్నాడు తండ్రి.

“చివరివాడి పని ఏంటన్నావు?”

“అందరూ వచ్చాక తనూ దాటాలి. ఇవతలి ఒడ్డు ఎక్కి తెల్లగుడ్డ కిందికి దించాలి. గుడ్డ దిగితే అందరూ వచ్చేసినట్టు. అప్పుడు నేను నొక్కాలి.”

“మరి గుడ్డ గుర్తు అవతలి ఒడ్డున పెట్టావేం?”

తండ్రి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. కాగితం వైపు మాత్రం చూడలేదు.

“చెయ్యి జారి ఉంటుంది. ఇవతలికి మార్చుకో.”

“మార్చినా కుదరట్లేదు నాన్నా. మూలమలుపు నుంచి వంతెనకు బండ్లు పాతిక సెకన్లలో వస్తాయి. మనిషి దాటడానికి నలభై పడుతుంది. ఎంత పరుగెత్తినా...”

“నీ ఆటలో మనుషులకు పరుగు రాకపోతే నేనేం చెయ్యను!” అంటూ ఆయన ఒక్కసారిగా అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “గుండ్ల మధ్య పరుగెత్తినవాణ్ని నేను. కుర్చీలో కూర్చుని నాకే లెక్కలు చెబుతావా?”

ఆ కేకకు తల్లి వంటగదిలోంచి తడి చేతులతోనే వచ్చింది. “ఏంటే, పొద్దున్నే ఆయన్ని నిలదీస్తున్నావు? ఏది, నన్నూ చూడనీ.”

“వద్దులే అమ్మా,” అంది కూతురు కంప్యూటరు మూయబోతూ. అప్పటికే ఆలస్యమైంది. తల్లి కాగితం చేతిలోకి తీసుకుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా విన్న కథ కాబట్టి గుడ్డ గుర్తు ఏ ఒడ్డున ఉండాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

“ఏమండీ, ఇది మీరు గీసిందేనా?”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“వాడు దాటలేదా?”

తండ్రి కుర్చీ వెనక భాగం పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. “దాటలేదు,” అన్నాడు. “అవతలే ఉన్నాడు. నేను చూశాను. చూసే నొక్కాను.”

నోరు ఇన్నేళ్లు అబద్ధమాడింది గానీ, పెన్సిలు పట్టిన చేతికి మాత్రం అది చేతకాలేదు.

తల్లి కాగితాన్ని మడతలు సరిచేసి బల్ల మీద పెట్టింది. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని కూతురికి అనిపించింది.

“మీరు నొక్కినందుకు కాదు. అది యుద్ధం, మీకు ఆజ్ఞ ఉంటుంది, అంత తెలియనిదాన్ని కాదు,” అంది. “నీళ్లు పోశానన్నారు. వాడు మనవాళ్ల మధ్య, దాహం తీరి పోయాడనుకుని ఇన్నేళ్లు నిద్రపోయాను. ఆ నీళ్లు కూడా లేవా?”

“నీ ముఖం చూసి లేవని చెప్పలేకపోయానే. ఒక్కసారి చెప్పాక ఇక వెనక్కి తీసుకోలేకపోయాను.”

ఆమె చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయింది. ఎక్కడికని అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

తండ్రి తలుపు తెరిచి గడప దగ్గర నిలబడ్డాడు. భోజనం వేళ దాటింది. “కాసేపు కూర్చో నాన్నా, మోకాళ్లు నొప్పెడతాయి,” అని కూతురు కుర్చీ తెచ్చింది. ఆయన దాని వైపు చూడనైనా చూడలేదు. కూతురు రెండు వీధులూ, పార్కూ, దర్జీ దుకాణమూ వెతికొచ్చింది. తల్లి ఫోను వంటగదిలోనే మోగింది. లిఫ్టు ఆగిన ప్రతిసారీ తండ్రి వేలు కాస్త పైకి లేచి, మళ్లీ దిగిపోయేది. అన్నీ తెలిసినట్టు కంప్యూటరు ముందు కూర్చుని లెక్క అడిగిన తన తెలివిని కూతురు ఆ మధ్యాహ్నమంతా తిట్టుకుంది. మొదటిసారి తండ్రి ముసలివాడిలా కనిపించాడు.

ఎండ తగ్గాక లిఫ్టులోంచి తల్లి దిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గడపకు అవతలే ఆగింది, లోపలికి రాలేదు.

“ఒక్కటి అడుగుతాను. ఈసారి నా ముఖం చూసి చెప్పకండి. జరిగింది చెప్పండి,” అంది. “వాడు మిమ్మల్ని చూశాడా?”

“చూశాడు.”

“పరుగెత్తుకొస్తున్నాడా?”

“లేదు. నిలబడ్డాడు. దాటేంత వ్యవధి లేదని వాడికి అర్థమైపోయింది. అక్కడి నుంచే గుడ్డ దించాడు.” తండ్రి తలుపు రెక్క పట్టుకున్నాడు. “నేను నొక్కలేదు. వాడింకా అక్కడే ఉన్నాడుగా, ఎలా నొక్కను? బండ్లు వంతెన ఎక్కబోతున్నాయి. వాడు గుడ్డ పైకెత్తి మళ్లీ దించాడు. ఈసారి బలంగా, కోపంగా దించాడు. అప్పుడు నొక్కాను.”

“రెండుసార్లా?” అంది తల్లి.

“రెండుసార్లు.”

ఆమె తలుపుకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది కూడా. “వాడంతే. చిన్నప్పుడూ ఒకసారి చెప్తే నేను వినకపోతే, రెండోసారి కాలు నేలకేసి కొట్టి మరీ చెప్పేవాడు. ఈ మాట నాకెందుకు దాచారండీ? గుక్కెడు నీళ్ల కంటే ఇది తక్కువా?”

తండ్రి చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆయన ఏడవడం కూతురు ఎప్పుడూ చూడలేదు.

“అమ్మా, కావాలంటే బండ్లను ఆపేస్తాను,” అంది కూతురు మెల్లగా. “ఆటలోనైనా మావయ్య దాటేస్తాడు.”

“వద్దు. వాడు నిలబడ్డ చోటే నిలబడనీ. దాటించి వాణ్ని చిన్నవాణ్ని చెయ్యకు.”

కూతురు లోపలికి వెళ్లి, పన్నెండు అని ఉన్నచోట పదకొండు అని మార్చింది. గుడ్డను అవతలి ఒడ్డున, తండ్రి గీసిన చోటే ఉంచింది. ఓడిపోయే సవాలు ఎవరాడతారని టీమ్ లీడరు గొణిగితే, ఓడిపోయింది ఎవరో ఆడి చూసి చెప్పమంది.

వీధి తలుపు ఇంకా తెరిచే ఉంది. తల్లి లోపలికి వచ్చేసినా తండ్రి గడప వదల్లేదు. ఖాళీగా ఉన్న వరండా వైపు చూస్తూ ఉన్నాడు. ఆయన వేలు మళ్లీ లేవబోయింది. తల్లి ఆ వేలిని తన పిడికిట్లో పట్టుకుంది.

“లెక్క సరిపోయిందండీ,” అంది. “వాడు రాడు. రానని రెండుసార్లు చెప్పాడు. ఇక తలుపెయ్యండి.”

ఆయన తలుపు వేశాడు.