ఏమీ రాని ఫోను

“అయితే పదో వరసలో అరవై ఆరు కుట్లు వస్తాయి కదండీ?” అంది చాప మీద పెట్టిన ఫోను.

నాగరత్నం అల్లుతున్న లేసు ఒళ్లో పడేసింది. “నీ మొహం! అరవై ఆరెలా వస్తాయే?”

“మొదటి వరసలో ఆరు. వరసకో ఆరు పెంచాలన్నారు. పది వరసలు కదా, పది ఆర్లు కలిపాను.”

గోడవార కూర్చున్న డాక్టర్ శర్వాణి చప్పుడు చేయకుండా నోట్సు రాసుకుంటోంది. ఆ ఫోను ఆవిడ కనిపెట్టిందే.

అది 2043. గోదావరి పాయ పక్కన ఒక లంక ఊరు. అక్కడి లేసు శిక్షణ కేంద్రంలో నాగరత్నం పద్దెనిమిదేళ్లుగా ఆడపిల్లలకు అల్లిక నేర్పుతోంది. జూన్ నుంచి పదో తరగతి పాసైనవాళ్లే నేర్పాలని కొత్త నిబంధన వచ్చింది. లెక్కల్లో ఆమె అప్పటికే మూడుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఆమె చోటు ఇంకొకరిది.

ఆ ఫోను పాఠాలు చెప్పదు, చెప్పించుకుంటుంది. అందులో రెండు ప్రోగ్రాములున్నాయి. మొదటిదానికి ఏమీ రాదు. మనం చెప్పినంతే దాని తెలివి. రెండోదానికి లెక్కల పుస్తకమంతా వచ్చు గానీ నోరు లేదు. మన మాటల్లో ఎక్కడ కంత ఉందో చూసి, అక్కడే అడగమని మొదటిదాన్ని పొడుస్తూ ఉంటుంది. జవాబు మాత్రం చచ్చినా చెప్పదు. కావాలనే దానికి కెమెరా కూడా పెట్టలేదు శర్వాణి.

నాగరత్నానికి కష్టమంతా అక్కడే వచ్చింది. మా వైపు అల్లిక నోటితో నేర్పరు. అమ్మమ్మలు సూది కదుపుతారు, పిల్లలు చూసి పట్టుకుంటారు. ఎందుకని అడిగిన పిల్లకి మొట్టికాయే. ఆమె అలాగే నేర్చుకుంది, అలాగే నేర్పింది. ఇప్పుడీ కళ్లులేని ఫోనుకి చేతులు చూపించి లాభం లేదు.

“విను మరి. మొదటి వరస ఉన్నదే కదే! దానికేం కలుపుతాం? పెంచడం రెండో వరస నుంచి కదూ? పది వరసలకి తొమ్మిదిసార్లే...”

నాగరత్నం గబుక్కున శర్వాణి వైపు తిరిగింది.

“మేడమ్! అంకశ్రేఢి సూత్రంలో n లోంచి ఒకటి తీసెయ్యమనేది ఇందుకా?”

“మీకేమనిపిస్తోంది?” అంది శర్వాణి.

“ఇందుకే! తల్లీ సరస్వతీ, ఇన్నేళ్లూ నా వేళ్లకి తెలుసే ఇది! నాకే తెలియలేదు.”

“అర్థమైందండీ. తొమ్మిది ఆర్లు యాభై నాలుగు, మొదటి ఆరూ కలిపితే అరవై,” అంది ఫోను బుద్ధిగా.

మిగతా లెక్కలూ అలాగే ఫోనుకి నేర్పుతూ నేర్చుకుని పరీక్ష రాసింది. మే నెలలో ఫలితాలొచ్చాయి. లెక్కల్లో ఎనభై ఏడు! నాగరత్నం మార్కుల కాగితాన్ని దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. తర్వాత ఫోనుకి కుంకుమ బొట్టు పెట్టబోతే శర్వాణి కంగారుపడింది.

“స్క్రీన్ పాడవుతుందండీ!”

“ఊరుకోండి మేడమ్. నా శిష్యురాలు బోడి మొహంతో ఉంటుందా?”

జూన్‌లో మళ్లీ తన చోట కూర్చుంది. మొదటిరోజే దేవకి అనే పిల్ల చిక్కుపడ్డ అల్లిక తెచ్చి చూపించింది. నాగరత్నం సూది ముట్టుకోలేదు.

“నాకు రాదనుకో. ఇక్కడెందుకు మెలి తిప్పావో చెప్పు, నేర్చుకుంటాను.”

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. రెండు వారాలకి అలవాటు పడ్డారు. శ్రావణమాసం వచ్చేసరికి ఇరవై ఇద్దరూ సొంతంగా డిజైన్లు వేసే స్థితికొచ్చారు.

ఇళ్లలో మాత్రం ఇంకోలా చెప్పుకున్నారు. “పది పాసయ్యాక ఆవిడకి అల్లిక మరుపొచ్చిందంట. పిల్లల్ని అడిగి తెలుసుకుంటోందంట!” ఒకనాడు ఐదుగురు తల్లులు అర్జీ పట్టుకుని కేంద్రానికే వచ్చేశారు. ఆవేళ శర్వాణి అక్కడే ఉంది.

“మీ ఫోను వల్లేనండీ ఇదంతా. వేరే టీచర్ని వేయించండి,” అంది దేవకి తల్లి వీరలక్ష్మి.

“ముందు లోపలికి రండి. పిల్లల పని చూసి మాట్లాడండి,” అంది శర్వాణి.

చాప మీద గుండ్రటి బల్లగుడ్డ పరిచి ఉంది, దేవకి ఇంకా దాన్ని అల్లుతూనే ఉంది. చుట్టూ అంచున నెమళ్లు, ఒకదాని తోక ఇంకొకదాని ముక్కుకి అందేలా. వచ్చిన ఐదుగురిలో ఒక్కరి చేతా కాని పని అది. వీరలక్ష్మి వంగి వేలితో తడిమింది. చేతిలో అర్జీ నలిగిపోతోంది.

“ఇంత పని నీకెవరు నేర్పారే?”

“ఎవరూ నేర్పలేదమ్మా,” అంది దేవకి తలెత్తకుండానే. “టీచరుగారికి రాకపోతే నేనే నేర్పుతున్నాను.”

శర్వాణి ఏదో చెప్పబోయింది. నాగరత్నం చేత్తో వద్దని వారించి, దేవకి పక్కన చతికిలబడింది.

“అవునమ్మా. ఆ తోక దగ్గర ఇంకోసారి చెప్పు, నాకు సరిగ్గా అర్థం కాలేదు.”