మేం ముగ్గురం రావాలా, వద్దా

"పదకొండు, తొమ్మిది. 'వద్దు' అనేదే గెలిచింది," అంది మా ఆవిడ వీడియో కాల్‌లో.

"మ్యాచ్ స్కోరు చదివినట్టు చెప్తావేం?" అన్నాను.

"మరెలా చెప్పమంటావు? ఏడుస్తూ చెప్పనా?"

"వద్దు తల్లీ, కాటుక కారిపోతుంది."

నవ్వింది. నేనూ నవ్వాను. బయట వాన దంచికొడుతోంది. షాపులో బేరం లేదు. గోడనిండా ఉన్న కళ్లజోళ్లన్నీ పనీపాటా లేకుండా నన్నే చూస్తున్నాయి.

మా ఆవిడ ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. విదేశంలో ఓ పెద్ద ఆస్పత్రివాళ్లు పిలిచి ఉద్యోగమిస్తే, ముందు ఒక్కర్తే వెళ్లింది. ఇక్కడ నేను, మా అమ్మ, ఒకటో తరగతి పాప మిగిలాం. ఆరు నెలలయ్యింది. కుటుంబాన్ని రప్పించుకుంటారో లేదో ఇవాళ చెప్పేయమన్నారు. కాదంటే ఒప్పందం ప్రకారం ఇంకో రెండేళ్లు ఆమె అక్కడ, మేమిక్కడ.

అందుకే చెరో దేశంలో కూర్చుని లిస్టు రాశాం. వెళ్తే పాపకి మంచి స్కూలు, ఆమెకి పైకొచ్చే దారి. కానీ కళ్లు పరీక్షించడానికి నాకున్న సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. మళ్లీ పరీక్షలు రాసి పాసయ్యేదాకా ఎవరి షాపులోనో సహాయకుడిగా ఉండాలి. అమ్మకి చలి పడదు, అక్కడి భాష రాదు. పాప ఇప్పుడిప్పుడే ఇక్కడ ఇద్దరు స్నేహితుల్ని సంపాదించుకుంది. ఇలా ఇరవై రాశాం. బెంగ సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ రాయలేదు.

నేనెందుకు రాయలేదంటే, ఆమె అక్కడ హాయిగా ఉంది. ఎప్పుడు కాల్ చేసినా ఆస్పత్రి క్యాంటీన్ నుంచే. వెనకాల కబుర్లు, నవ్వులు, కప్పుల చప్పుడు. అలాంటి మనిషికి నా ఏడుపు వినిపించడం దేనికి?

నాకైతే షాపు కట్టేశాక ఇంటికి వెళ్లాలంటే కాళ్లు రావు. అమ్మ ఉంటుంది, పాప ఉంటుంది, అయినా ఇల్లంతా బోసిగా ఉంటుంది. మంచం మీద ఆమె వైపుకి నేనింకా జరగలేదు.

ఇదంతా ఆమె కంటపడకుండా ఓ ఉపాయం కనిపెట్టాను. కాల్ రాగానే షాపులోంచి ఓ నల్లకళ్లజోడు తగిలించుకుని, "కొత్త మోడల్, ఎలా ఉంది?" అనేవాణ్ణి. ఆమె పడీపడీ నవ్వేది. ఎర్రబడ్డ కళ్లు కనబడేవి కావు.

"ఇవాళ బంగారురంగు ఫ్రేమా? నేను లేకపోయేసరికి కుర్రాడివైపోయావు," అంది.

"వెలిగిపోతున్నాననుకో."

"సరే అయితే. వద్దనే పంపించేస్తాను."

సరిగ్గా అప్పుడే అమ్మ తడిసిన గొడుగుతో, భోజనం క్యారేజీతో లోపలికొచ్చింది.

"ఇంత మబ్బులో నల్లద్దాలేమిట్రా?" అంటూ చటుక్కున లాగేసింది. నన్ను ఫోన్ వైపు తిప్పింది. "చూడమ్మాయ్, వీడి వాలకం. కుళాయి తిప్పుకుని వంటింట్లో ఏడుస్తాడు, నాకు వినబడదనుకుని. నా మోకాళ్లకి నొప్పులుగానీ, నా చెవులకేం రోగం?"

ఫోన్‌లో ఆమె నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. అప్పటికిగానీ నేను సరిగ్గా చూడలేదు, ఆమె ఇవాళ క్యాంటీన్‌లో లేదు. చిన్న గది. ఒకే కుర్చీ. గిన్నెల స్టాండులో ఒకే కంచం, ఒకే గ్లాసు.

"క్యాంటీన్‌కి వెళ్లలేదేం?"

"ఇవాళ ఓపిక లేదు. అక్కడ నాతో ఎవరూ కూర్చోరు. నీకు ఆ సందడి వినబడాలని అక్కణ్ణుంచి చేసేదాన్ని."

"ఆరు నెలలూనా?"

"ఆరు నెలలూ."

"దొంగమొహమా."

"నువ్వు మాత్రం?" అంది ముక్కు తుడుచుకుంటూ. "మరి నీ షాపో? ఎంత కష్టపడ్డావు దీనికోసం. ఎవరి దగ్గరో చేతులు కట్టుకుని నిలబడితే నేను చూడలేను."

ఆ మాట నాకూ గుచ్చుకుంది. లేదని ఎలా అంటాను?

"కష్టంగానే ఉంటుంది. రోజూ ఇంటికొచ్చి నీమీద విసుక్కుంటాను. విసుక్కోవడానికి నువ్వుంటావు కదా," అన్నాను. "నువ్వు లేకపోతే నాకు బాగోలేదు. అస్సలు బాగోలేదు."

"నన్నెవరూ అడగరేం?" అంది అమ్మ. "నాకు చలంటే భయమే. దుప్పటి కప్పుకుని ఓ మూల కూర్చుంటాను. మీ మొహాలు ఇలా చూడడం మాత్రం నావల్ల కాదు." క్యారేజీ బల్లమీద పెట్టి, వెనకగదిలోకి వెళ్లిపోయింది. కళ్లు తుడుచుకుందేమో, నేను చూడలేదు.

"వస్తున్నామని పంపించు," అన్నాను.

తల వంచుకుని ఏదో టైప్ చేసింది. చాలాసేపు పట్టింది.

"పంపాను. కానీ కాగితాలన్నీ అయ్యేసరికి ఇంకో నాలుగు నెలలు పడుతుంది, తెలుసా?"

"తెలుసు."

"నాకు బస్సు టైమైంది," అంది. లేవలేదు.

"వెళ్లు మరి."

"పోతే పోనీ. ఇంకోటి వస్తుంది."

నేను ఫోన్‌ని బల్లమీద నిలబెట్టి, దానికెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.