ఆకుపచ్చ ఒక పట్టాన పోదు

పరుగు!

వెనక బూట్ల చప్పుడు. ఒక జత… కాదు, రెండు!

అతను సందులోకి దూకుతాడు. చెత్తడబ్బా వెనక నక్కి ఊపిరి బిగబడతాడు.

బూట్లు తిన్నగా వెళ్ళిపోతాయి.

రాత్రి ఏడున్నర. క్లినిక్ ఇంకా తెరిచే ఉంటుంది.

ఆఫీసులో అందరూ అతన్ని 'డిస్కౌంట్' అంటారు. లిఫ్ట్ ఎక్కినా తగ్గింపు అడిగే రకం.

కుడి మణికట్టు చుట్టూ లోపలిది కనిపించే పల్చటి ప్లాస్టిక్ కాగితం. దాని కింద మత్తు క్రీము. ఇంట్లోనే రాసుకుని బయల్దేరాడు. చర్మం మొద్దుబారిపోయింది.

నిజానికి పది నెలలుగా అతనికి ఏదీ తెలియడం లేదు. అన్నం రుచి కూడా.

పది నెలల కిందట… బంగారం తాకట్టు దుకాణంలో దోపిడీ.

మాస్కు, టోపీ, గ్లవ్స్. అన్నీ పక్కా! గ్లవ్స్ మాత్రం ఒక సైజు చిన్నవి. ఆఫర్‌లో అవే ఉన్నాయి.

వాచ్‌మన్ అడ్డొచ్చాడు. ఒక్క తూటా. మళ్ళీ లేవలేదు.

కెమెరాకి చిక్కింది ఒక్కటే. గ్లవ్‌కీ చొక్కాకీ మధ్య… మణికట్టు మీద పచ్చబొట్టు చిలక!

నల్ల గీతల్లో ఆకుపచ్చ చిలక. నలుపు వేయించుకుంటే రంగు ఫ్రీ అన్నారు. ఫ్రీ అంటే వదులుతాడా?

ఇందాక బస్సు దిగుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. స్టాపులో ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఒకడు ఆ మణికట్టు చూశాడు. తల పైకెత్తాడు. మళ్ళీ మణికట్టు చూశాడు.

"ఒరేయ్… వీడే!"

పైన ఏముందో డిస్కౌంట్ చూడలేదు. పరిగెత్తాడు.

సాక్ష్యం ఈ చెయ్యి ఒక్కటే. అది చెరిగిపోతే చాలు!

మూడో అంతస్తు. క్లినిక్.

"ఈ రోజుతో అయిపోవాలి మేడమ్!"

డాక్టరమ్మ ప్లాస్టిక్ కాగితం విప్పి క్రీము తుడుస్తుంది. చేతిని దీపం కింద తిప్పి చూస్తుంది.

"నలుపంతా పోయిందండీ. ఆకుపచ్చే… మొండిది. మొదటి రోజే చెప్పానుగా? మీరేమో ఒక్క సిట్టింగ్‌లో పోదా అని ఒకటే గోల."

"కరెంటు పెంచండి!"

"పెంచితే చర్మం కాలి మచ్చ పడుతుంది. రంగుని పగలగొట్టేదాకే నా పని. ఊడ్చుకోవాల్సింది మీ ఒళ్ళు. దానికి వారాలు పడుతుంది. పడుకోండి, కళ్ళు మూసేస్తున్నా."

కళ్ళ మీద ఇనప మూతలు. చీకటి.

టక్. టక్. టక్.

లాగి వదిలిన రబ్బరుబ్యాండు చప్పుడు. కాలిన వెంట్రుకల వాసన. నొప్పి మాత్రం లేదు.

ఫోన్ మోగుతుంది. భార్య. లేజర్ ఆగుతుంది. డాక్టరమ్మ స్పీకర్ నొక్కుతుంది.

"ఏవండీ! ఒక్క ముక్క చెప్పచ్చుగా నాకు?"

"ఏమిటే?"

"బస్టాపు మీద పెద్ద బోర్డు! 'ముందు', 'తర్వాత' అని రెండు ఫొటోలు! అది మీ చెయ్యి కాదూ? చిలక తోక పక్కన పుట్టుమచ్చ కూడా ఉంది. కాంప్లెక్స్ వాళ్ళందరినీ తీసుకెళ్ళి చూపించా. ఎదురింటావిడ మొహం మాడిపోయిందనుకోండి!"

డిస్కౌంట్ లేవబోతాడు.

"మేడమ్… ఆ బోర్డు…"

"మాదేనండీ. పొద్దున్నే పెట్టారు. మొదటి రోజు ఫారంలో టిక్ పెట్టారుగా! ఫొటోలు ప్రకటనకి ఇస్తే చివరి సిట్టింగ్ ఫ్రీ అని."

పెట్టాడు. ఫారం ఏమిటో చదవలేదు. 'ఫ్రీ' అన్న మాట ఒక్కటే కనపడింది.

ధన్! తలుపు!

"కదలకు!"

"ఆగండి! మెషిన్ ఆన్‌లో ఉంది. కళ్ళజోడు లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు!" డాక్టరమ్మ కసురుతుంది.

అతను మూతలు పీకి పడేస్తాడు. గుమ్మంలో ఎస్సై. ఒక చేతిలో తుపాకీ, రెండో చేత్తో బుద్ధిగా కళ్ళజోడు తగిలించుకుంటున్నాడు.

"బోర్డు మీద అడ్రసు కూడా వేశారయ్యా. నా సర్వీసులో ఇంత సులువైన కేసు ఇదే."

డిస్కౌంట్ కుడి చెయ్యి జేబులోకి… పిస్టల్!

"అడ్డు లేవండి!"

"ఏవండీ?" ఫోన్‌లో భార్య గొంతు. "ఎవరితో అలా అరుస్తున్నారు? వచ్చేటప్పుడు ఆ ఫారం జిరాక్స్ తీసుకురండి. ఎదురింటావిడ నమ్మట్లేదు."

డిస్కౌంట్ వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుంది.

ఢాం!

పేలింది ఎస్సై తుపాకీ.

పిస్టల్ నేల మీద పడి జారిపోతుంది. డిస్కౌంట్ తన చెయ్యి కేసి చూస్తాడు. నొప్పి ఇంకా రాలేదు.

తూటా తగిలిన మణికట్టు మీద చిలక లేదు.

ఒక్క సిట్టింగ్‌లో!